పాత పడవకు ఏ గుడ్డ, ఏ రెసిన్?

ఎల్లారెడ్డి నుండి నిజాంసాగరు వైపు వెళ్లినా, నాగిరెడ్డిపేట దారిలో పోచారం కట్ట వైపు వెళ్లినా, నీటి ఒడ్డు గ్రామాలలో బోర్లించి పెట్టిన పాత పడవలు ఒకటో రెండో కనబడతాయి. కొన్నింటి నీడలో కోళ్లు పొదుగుతుంటాయి. కొన్నింటి మీద మిరపకాయలు ఎండబోస్తారు. పోచారం 1922లో, మంజీర మీద నిజాంసాగరు 1931లో పూర్తయ్యాయి. అప్పటినుండి ఈ నీళ్ల మీద వల వేసి పిల్లలను పెంచుకున్న కుటుంబాలు ఇక్కడ ఉన్నాయి. వారిలో గంగపుత్రులు, ముదిరాజులు ఎక్కువ. మన సంఘములకు వచ్చే ఇండ్లు కొద్దివే. అయితే పడవ అందరికీ ఒకటే. అది గట్టున ఉండి కారితే ఆ పూట పొయ్యి వెలగదు. నడినీటిలో కారితే మనిషే ఇంటికి రాడు.

2025 ఆగస్టు 27, 28 తేదీలలో కామారెడ్డి, మెదక్ జిల్లాల మీద కురిసిన కుండపోత వానను ఎవరూ మరచిపోలేదు. రోడ్లు తెగి, ఊళ్లు నీటి నడుమ నిలిచి, పోచారం పొంగి పొర్లిన ఆ దినముల తర్వాత, ఏండ్లుగా మూలన పడి ఉన్న పడవల మీద మళ్లీ చూపు పడింది. "అయ్యగారూ, దీనికి ఫైబర్ ఏపిస్తే పనికొస్తదా? ఏ గుడ్డ తేవాలె?" అని మమ్మును అడిగేవారు కూడా ఎక్కువయ్యారు. మేము పడవలు కట్టేవారము కాము. అయితే కోస్తా వైపు నుండి వచ్చి ఈ పని చేసిపోయే మేస్త్రీల ప్రక్కన కూర్చుని చూశాము, విసిగించి అడిగాము. ఏ గుడ్డ తేవాలో తెలియాలంటే ముందు పడవ దేనితో చేసినదో తెలియాలి. సామాను కొన్న తరువాత పడవను చూసేవారే మా ప్రాంతంలో ఎక్కువ. డబ్బు పోయేది అక్కడే.

ఫైబర్ అని మనం పిలిచే దానిలో రెండే వస్తువులు ఉంటాయి. ఒకటి గాజును సన్నని దారంగా లాగి చేసిన గుడ్డ. రెండవది దానిని పట్టి ఉంచే రెసిన్. మట్టిలో గడ్డి కలిపి గోడ పెట్టడం మన ఇండ్లలో అందరికీ తెలుసు. ఐగుప్తులో ఇశ్రాయేలీయులు ఇటుకలకు గడ్డి ఏరుకోవలసి వచ్చింది కూడ ఇందుకే. గడ్డి లేని మట్టి పగులుతుంది, మట్టి లేని గడ్డి నిలబడదు. గాజు గుడ్డకూ రెసిన్‌కూ ఉన్న సంబంధం అటువంటిదే. గాజు దారం తయారీ 1930లలో అమెరికాలో వ్యాపారంగా నిలదొక్కుకుంది. 1940లలో దానితో పడవలు మొదలయ్యాయి. మద్రాసు కేంద్రంగా పనిచేసిన బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రాము వారు 1980లలో ఆంధ్ర తీరంలో ఫైబర్ పడవలను ప్రయత్నించి చూశారు. 2004 డిసెంబరు 26 సునామీ తరువాత సహాయంగా వచ్చిన పడవలలో ఫైబర్‌వి చాలా ఉన్నాయి. ఈ పని తెలిసిన చేతులు కోస్తాలో ఎక్కువ ఉండడానికి, మన వైపు తక్కువ ఉండడానికి కారణం ఇదే.

ఒడలు చూసి మందు

వెదురు పుట్టికి తారు పూసి ఉంటే దాని మీద ఫైబర్ వేయించవద్దు. తారు మీద ఏ రెసినూ పట్టదు. పాలిస్టరు రెసిన్‌లో ఉండే స్టైరీను అనే ద్రవం తారును కరిగించి బురద చేస్తుంది. మోషేను దాచిన జమ్ము పెట్టెకు పూసింది కూడా ఇటువంటి కీలే గనుక, పుట్టికి తారు తక్కువది అనుకోనక్కరలేదు. మళ్లీ తారే పూయండి, లేదా పై పట్టా మార్చండి.

కొందరు తెల్లని థర్మాకోల్ దిమ్మెలను కట్టి తెప్ప చేసుకుంటారు. దాని మీద ఫైబర్ వేస్తే పదేండ్లు ఉంటుందని ఎవరైనా చెబితే, ముందు చిన్న ముక్క మీద ఆ రెసిన్ చుక్క వేయించి చూడండి. పాలిస్టరు రెసిన్ అయితే మీ కండ్ల ముందే థర్మాకోల్ కరిగి గుంట పడుతుంది. ఎపాక్సీ అయితే కరగదు. ఈ ఒక్క చుక్క పరీక్ష కొన్ని వేల రూపాయలను కాపాడుతుంది. రేకు పడవ సంగతి మరీ చిన్నది. తుప్పు మీద ఫైబర్ నిలవదు, వెల్డింగు చేయించుకోవాలి.

కర్ర పడవ దగ్గర మాత్రం ఆగి ఆలోచించాలి. కర్ర నీటిలో ఉబ్బుతుంది, ఎండలో ముడుచుకుంటుంది. ఫైబర్ అలా కదలదు. పాలిస్టరు రెసిన్ కర్రకు గట్టిగా పట్టదు గనుక ఒకటి రెండు సంవత్సరాలలో పెచ్చులుగా లేస్తుంది. లేచిన చోట నీరు లోపలికి పోతుంది గాని బయటికి రాదు. అప్పుడు పైన చూడడానికి నున్నగా ఉంటుంది, లోపల పలక కుళ్లుతూ ఉంటుంది. కర్రకు ఎపాక్సీయే తగినది. మన ఇండ్లలో వాడే ఆరల్డైట్, ఎం-సీల్ ఆ జాతివే. అదీ పలకలు బాగా ఎండి, పాత తారు, రంగు అంతా గీకి, కర్ర కర్రగా కనబడినప్పుడు మాత్రమే.

మా సేవా ప్రాంతంలో ఒక తల్లి ఉన్నారు. భర్త పోయి కొంతకాలమైంది. ఆయన నడిపిన కర్ర పడవ ఇంటి వెనుక ఉన్నది. కొడుకులిద్దరూ వడ్డీకి అప్పు తెచ్చి, తండ్రి పడవకు ఫైబర్ వేయించి, పెద్దవాడు మళ్లీ వలకు పోవాలని నిశ్చయించుకున్నారు. మేస్త్రీ వచ్చి మాట్లాడకుండా జేబులోనుండి స్క్రూడ్రైవరు తీసి, అడుగు పలకలో, మూలలలో, తెడ్డు కట్టే చోట గుచ్చుతూ పోయాడు. మూడు చోట్ల అది పిడి దాకా దిగింది. ఇది పడవ కాదు, కర్ర రంగు వేసిన గడ్డి అని ఆయన భావం. ఆ మాట ఆ తల్లికి రుచించలేదు. రెండు రోజులు అన్నం సరిగా తినలేదట. అయినా పిల్లలు అప్పు తేలేదు. తరువాత మరొక కుటుంబంతో కలిసి వాడిన ఫైబర్ పడవను కొన్నారు. పాత పడవలోని మంచి పలకలు రెండు ఆ ఇంటి అరుగు మీద బల్లగా ఉన్నాయి. మేము వెళ్లినప్పుడు దాని మీదే కూర్చుంటాము. ఆ మేస్త్రీ ఆ రోజు కూలి వద్దనుకుని నిజం చెప్పాడు. పని దొరికితే చాలుననుకునేవారు ఆ మాట చెప్పరు గనుక, స్క్రూడ్రైవరు పరీక్ష ఎవరికి వారే ముందు చేసుకోవాలి.

ఇక అసలు ఫైబర్ పడవే పాతదైతే, అది బాగుపడడానికి ఎక్కువ అవకాశం ఉంది. కుండ కొనేటప్పుడు వేలి కణుపుతో కొట్టి చూస్తాము గదా. అలాగే చిన్న సుత్తితోగాని రూపాయి బిళ్లతోగాని పడవ అంతా తట్టుతూ పోవాలి. గట్టి చోట ఖంగుమంటుంది, పొరలు విడిపోయిన చోట బద్దగా మోగుతుంది. అక్కడ సుద్దతో గీత గీయండి. అడుగున బొబ్బలు కనబడితే ఒకటి గుచ్చి వాసన చూడండి. పుల్లని వాసనతో నీరు వస్తే పొరలలోకి నీరు చేరిందన్న మాట. అటువంటి పడవను బోర్లించి, గాలి తగిలేట్టు ఎత్తు మీద పెట్టి, వారాలు ఆరబెట్టాలి. ఆరిందో లేదో తెలియడానికి పాలిథీన్ ముక్కను నాలుగు వైపులా టేపుతో అంటించి ఒక పగలు, ఒక రాత్రి ఉంచండి. లోపలి వైపు చెమట పట్టితే ఇంకా ఆరలేదు. తడి మీద వేసిన రెసిన్ ఎంత ఖరీదైనా ఊడివస్తుంది.

దుకాణంలో అడగవలసినవి

గుడ్డలు ముఖ్యంగా రెండు రకాలు. చిన్న చిన్న గాజు దారాలను అడ్డదిడ్డంగా పరచి చేసినది మ్యాట్. నులక మంచం వలె అడ్డం నిలువు అల్లినది రోవింగ్. మ్యాట్ చదరపు మీటరుకు 300 గ్రాములు, 450 గ్రాములు అని దొరుకుతుంది. రోవింగ్ సాధారణంగా 600 గ్రాములది. మ్యాట్ వంపులలో బాగా కూర్చుంటుంది, పాత పొరకు బాగా అంటుతుంది, నీటిని బాగా ఆపుతుంది. రోవింగ్ బలం ఇస్తుంది. రోవింగ్ మీద రోవింగ్ వేస్తే రెండింటి మధ్య పట్టు తక్కువ గనుక నడుమ మ్యాట్ పొర ఉండాలి. పాత పడవను తాకే మొదటి పొర ఎప్పుడూ మ్యాటే.

ఇక్కడ ఒక జాగ్రత్త. కొన్ని రంగుల దుకాణాలలో ఫైబర్ గుడ్డ అని అడిగితే, స్లాబుకు నీరు కారకుండా పరిచే తెల్లని జాలి ఇస్తారు. అదీ గాజుదే, చూడడానికి అందంగానే ఉంటుంది. అయితే దారానికి వేరే పూత ఉంటుంది గనుక రెసిన్ లోపలికి ఇంకదు. పడవకు అది పనికిరాదు. మంచి మ్యాట్‌ను చేతితో చింపవచ్చు, రెసిన్ తగలగానే తెలుపు పోయి అద్దం వలె అవతలిది కనబడుతుంది. తెల్లగా మిగిలిన మచ్చ అంటే అక్కడ గాలి ఉన్నది, రెసిన్ లేదు. తడిసిన మ్యాట్, వానలో నానిన చుట్ట, ఎలుకలు కొరికినది తగ్గింపు ధరకు ఇచ్చినా తీసుకోకండి.

రెసిన్‌లలో పాలిస్టరు చౌక. అందులో మామూలు పనులకు వాడే జీపీ రెసిన్ ఒకటి, నీటిని మరింత తట్టుకునే ఐసో రెసిన్ మరొకటి. పని అయిన వెంటనే గట్టుకు లాగి ఆరబెట్టే పడవకు జీపీ చాలునని కొందరు మేస్త్రీలంటారు. నీటిలోనే కట్టి ఉంచే పడవకు ఐసో కావాలి. మా అభిప్రాయం అడిగితే, అతుకు చిన్నదైనప్పుడు ధరలో తేడా కూడా చిన్నదే గనుక ఐసోనే కొనండి. పాలిస్టరుతో చేసిన పాత ఫైబర్ పడవకు పాలిస్టరుతోనే మరమ్మతు చేయవచ్చు, ఎపాక్సీతోనూ చేయవచ్చు. ఎపాక్సీ పట్టు గట్టిది, ధర చాలా ఎక్కువ. ఒకసారి ఎపాక్సీ వేసిన చోట మరల పాలిస్టరు వేస్తే సరిగా అంటదు. ఎండకు ఎపాక్సీ పాడవుతుంది గనుక పైన రంగు తప్పదు.

గుడ్డకూ రెసిన్‌కూ జోడీ కుదరాలన్న మాట చాలామందికి తెలియదు. మామూలు మ్యాట్‌లోని దారాలను ఒక జిగురు పట్టి ఉంచుతుంది. పాలిస్టరులోని స్టైరీను ఆ జిగురును కరిగిస్తేనే మ్యాట్ మెత్తబడి వంపులో కూర్చుంటుంది. ఎపాక్సీలో స్టైరీను లేదు. అందుచేత ఆ మ్యాట్‌ను ఎపాక్సీతో వేస్తే అట్ట వలె బిగుసుకుని, లోపల గాలి నిలిచిపోతుంది. ఎపాక్సీ కొన్నవారు అల్లిన గుడ్డనే కొనాలి. ఒక దుకాణంలో చౌకగా మ్యాట్, మరొక దుకాణంలో మంచిదని ఎపాక్సీ కొని, రెండు కలిపి పాడుచేసుకున్నవారు ఉన్నారు. రెండూ మంచి సామానే, వాటికి జోడీ కుదరలేదు.

డబ్బా మీది తేదీ చూడండి. పాలిస్టరు రెసిన్ నెలల సరుకు, ఏండ్ల సరుకు కాదు. మన ఎండలలో రేకుల షెడ్డులో ఉంచినది ఇంకా ముందే చెడుతుంది. మూత తీసినప్పుడు జున్ను వలె గడ్డలు కనబడితే తిరిగి ఇచ్చివేయండి. ఎంత కొనాలన్నది కూడా లెక్క వేసుకోవచ్చు. మ్యాట్ బరువుకు రెట్టింపు నుండి రెండున్నర రెట్ల రెసిన్ పడుతుంది, రోవింగ్‌కు దాని బరువంత చాలును. అరచేయంత చిల్లుకు కిలో రెసిన్ తెస్తే మిగులుతుంది. అడుగు మొత్తం 6 చదరపు మీటర్లు ఉండి, 450 గ్రాముల మ్యాట్ రెండు పొరలు వేయాలంటే సుమారు 5.5 కిలోల మ్యాట్, 12 లేక 13 కిలోల రెసిన్ కావాలి. పడవ బరువు కూడా అంత పెరుగుతుంది. దానిని గట్టుకు లాగేది ఇద్దరే అయితే ఆ సంగతి ముందే తలచుకోవాలి.

ప్రమాదమంతా చిన్న సీసాలో

పాలిస్టరు రెసిన్‌ను గట్టిపరచేందుకు ఇచ్చే నీటి వంటి హార్డెనర్ చిన్న సీసాలో వస్తుంది. పిల్లలు నీళ్లనుకునేట్టు ఉంటుంది. కంటిలో ఒక చుక్క పడితే చూపు పోవచ్చు. పడితే వెంటనే మంచి నీటితో కనీసం పావుగంట ఆపకుండా కడుగుతూ ఆసుపత్రికి తీసుకొనిపోవాలి. కంటి అద్దాలు లేకుండా ఆ సీసా మూత తీయకూడదు. దానికి తోడు ఊదారంగు కోబాల్ట్ అనే మరొక ద్రవం కొన్నిచోట్ల విడిగా ఇస్తారు. కోబాల్ట్‌ను ముందుగా రెసిన్‌లో బాగా కలపాలి, ఆ తరువాతే హార్డెనర్. ఈ రెండింటిని నేరుగా ఒకదానిలో ఒకటి పోస్తే మంట లేచి పేలుతుంది. ఒకే గిన్నెతో రెండింటిని కొలవడం కూడా వద్దు. కోబాల్ట్ ముందే కలిపిన రెసిన్ అడిగి తీసుకుంటే ఈ భయమే ఉండదు, మేమైతే అదే చెబుతాము.

హార్డెనర్ కిలో రెసిన్‌కు 10 నుండి 20 గ్రాములు. ఎండ కాలంలో తక్కువ వైపు, చలిలో ఎక్కువ వైపు. 10 గ్రాములకు తగ్గిస్తే ఎన్నటికీ సరిగా గట్టిపడదు. ఎపాక్సీ సంగతి వేరు. దాని పాళ్లు డబ్బా మీద వ్రాసినట్టే తూచి కలపాలి, త్వరగా అవుతుందని ఎక్కువ పోస్తే మెత్తగా మిగిలిపోతుంది.

మన ప్రాంతంలో ఏప్రిల్, మే నెలలలో నీరు తగ్గి పడవలు ఖాళీగా ఉంటాయి గనుక మరమ్మతు అప్పుడే పెట్టుకుంటారు. ఎండేమో 40 డిగ్రీలు దాటుతుంది. కలిపిన రెసిన్ గిన్నెలోనే నిమిషాలలో బిగుసుకుని పొగలు కక్కుతుంది. తెల్లవారుజామున మొదలుపెట్టి, ఎండ ముదరక ముందే ముగించాలి. నీడన పందిరి వేసి, ఒకసారికి అరకిలోకు మించి కలపకూడదు. మూడు నాలుగు పొరలు వేసిన తరువాత వేడి తగ్గేవరకు ఆగి మిగిలినవి వేయాలి. నవంబరు నుండి ఫిబ్రవరి వరకు ఉన్న పొడి దినములు ఇంకా మంచివి. వానకాలంలో మాత్రం ఎంత తొందర ఉన్నా వద్దు.

పనిలో ఎక్కువ సమయం తీసుకునేది రుద్దుడే. పాత పొర మీద కొత్త పొర అంటేది గరుకుదనం వలననే. రంగు, మైనం, నాచు, చేపనూనె జిడ్డు అన్నీ పోయి తాజా ఫైబర్ కనబడేవరకు గ్రైండరుతో, ఉప్పు కాగితంతో రుద్దాలి. చిల్లు అంచును నిలువుగా వదలకుండా పళ్లెం అంచు వలె వాలుగా చెక్కాలి. వాలు ఎంత? పడవ మందానికి పన్నెండు రెట్లు. 6 మిల్లీమీటర్ల పడవకు చుట్టూ 72 మిల్లీమీటర్లు, అంటే ఇంచుమించు బెత్తెడు. 450 గ్రాముల మ్యాట్ ఒక పొర ఇంచుమించు ఒక మిల్లీమీటరు మందం ఇస్తుంది గనుక ఆ చిల్లుకు ఆరు పొరలు. అరచేయంత చిల్లుకు అరచేయంత బిళ్ల వేసి పైన పుట్టీ రాసి రంగు కొట్టేవారు ఉన్నారు. రంగు ఆరేలోపే డబ్బులు తీసుకుని వెళతారు. రుద్దేటప్పుడు లేచే గాజు దుమ్ము చర్మానికి దురద, ఊపిరికి చేటు. తువ్వాలు కట్టుకోవడం చాలదు, దుమ్మును ఆపే మాస్కు కావాలి, పిల్లలు దూరంగా ఉండాలి. ఆ దుస్తులను ఇంటివారి బట్టలతో కలిపి ఉతకవద్దని అక్కచెల్లెండ్రకు మనవి.

గాలికి తగిలే పై పాలిస్టరు పొర జిగురుగా మిగులుతుంది. చివరి పూతలో మైనం కలిపిన రెసిన్ వాడితే ఆ జిగురు ఉండదు.

అంతా అయిన తరువాత ఒక దినము గడిస్తే చేతికి గట్టిగా తగులుతుంది. అయినా వారం రోజులు నీటిలో దించకపోవడం మంచిది. దించే ముందు పడవను గట్టు మీదే చదునుగా పెట్టి, అడుగు మునిగేంత నీరు లోపల పోసి, బయట ఎక్కడైనా చెమ్మ కనబడుతుందేమో చూడండి. కూర్చునే బల్లల కింద మూతలు బిగించిన ఖాళీ ప్లాస్టిక్ డబ్బాలు కట్టండి, పడవ నిండినా మునగదు. మొదటి రోజు లోతుకు పోకుండా గట్టు వెంబడే ఒక గంట తిప్పి, సాయంత్రం బోర్లించి, అతుకు చుట్టూ రూపాయి బిళ్లతో మరొకసారి తట్టి వినండి.